వినడం తెలిసిన పనిమంతుడు – లియో ఫెండర్

గిటారు తీగను మీటితే వెలువడే నాదం మెల్లనిది. చిన్న గదిలో పదిమందికి వినబడుతుంది గాని, డోళ్లు, బాకాలు మోగే పెద్ద సభలో అది వినబడదు. ఆ మెల్లని నాదానికి విద్యుత్తు సాయంతో బలం చేకూర్చే సాధనాన్ని యాంప్లిఫయర్ అంటారు. దీనిని సామాన్య వాద్యకారుల చేతికి అందించినవారిలో అగ్రగణ్యుడు లియో ఫెండర్. విశేషమేమంటే ఆయనకు గిటారు వాయించడం రాదు.

లియో ఫెండర్ 1909 ఆగస్టు 10న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జన్మించాడు. తల్లిదండ్రులు నారింజ తోటలు పెంచే రైతులు. ఎనిమిదేళ్ల ప్రాయంలో ఆయన ఎడమ కంటిలో కణితి లేచింది. వైద్యులు ఆ కంటిని తొలగించి గాజు కన్ను అమర్చారు. ఒంటికన్నుతోనే ఆయన చదువు, పని సాగాయి.

ఆయన దగ్గరి బంధువొకరికి మోటారు వాహనాల విద్యుత్ పరికరాలు బాగుచేసే దుకాణం ఉండేది. బాలుడైన లియోకు ఆ బంధువు పనికిరాని విడిభాగాలు ఒక పెట్టెనిండా పంపాడు. తరువాత లియో ఆ దుకాణానికి వెళ్లినప్పుడు, అలాంటి విడిభాగాలతోనే చేసిన రేడియో వాకిట్లో మోగుతూ కనిపించింది. నాలుగు ముక్కలను సరిగా కలిపితే పాట పుడుతుందన్న సంగతి ఆ పిల్లవాని మనసులో నాటుకున్నది. నాటినుంచి రేడియోలు విప్పడం, బిగించడమే ఆయనకు వ్యసనమైంది.

కళాశాలలో ఆయన చదివింది మాత్రం గణకశాస్త్రం. విద్యుత్ పరికరాల విద్యను ఏ గురువు వద్దా అభ్యసించలేదు. లెక్కలు రాసే ఉద్యోగంలో చేరాడు గాని, ఆర్థిక మాంద్యం రోజులలో ఆ ఉద్యోగం ఊడిపోయింది. 1938లో 600 డాలర్లు అప్పుచేసి ఫుల్లర్టన్ పట్టణంలో రేడియోలు బాగుచేసే దుకాణం తెరిచాడు.

ఆ దుకాణమే ఆయనకు పాఠశాల అయింది. ఊరి వాద్యకారులు పాడైపోయిన యాంప్లిఫయర్లను తెచ్చేవారు. ఏ అతుకు త్వరగా ఊడుతుందో, ఏ భాగం వేడికి చెడుతుందో ఆయన చేతులతో తెలుసుకున్నాడు. కొంతకాలం డాక్ కాఫ్‌మన్ అనే మిత్రునితో కలిసి గిటార్లు, యాంప్లిఫయర్లు తయారుచేశాడు. 1946లో ఆ మిత్రుడు తప్పుకున్నాడు. ఫెండర్ సొంత సంస్థను స్థాపించాడు.

ఆ కాలపు యాంప్లిఫయర్లకు వాల్వులే ప్రాణం. వాల్వు అంటే గాలి తీసివేసిన గాజుబుడ్డి. దాని లోపలి తీగ వేడెక్కగానే ఎలక్ట్రానులు బయలుదేరి ఎదుటి లోహపు రేకు వైపు పరుగెడతాయి. ఆ రెంటి నడుమ ఒక సన్నని జాలీ ఉంటుంది. కాలువ తూము తలుపును కొద్దిగా కదిపితే చాలు, పెద్ద నీటి ప్రవాహం మన చెప్పుచేతలలో ఉంటుంది కదా! అలాగే గిటారు నుంచి వచ్చే అతి స్వల్పమైన విద్యుత్తు జాలీని చేరి, రేకు వైపు సాగే పెద్ద ప్రవాహాన్ని నడిపిస్తుంది.

విద్యార్థుల కోసం ఫెండర్ సంస్థ 1940ల చివర చిన్న యాంప్లిఫయర్లు చేయసాగింది. వాటిలో ప్రసిద్ధి పొందినది చాంప్. 1950ల చివరి చాంప్‌లో ఉన్నవి మూడే వాల్వులు. ఒకటి ఏకాంతర విద్యుత్తును ఏకముఖంగా మారుస్తుంది. ఒకటి గిటారు నాదానికి తొలి బలం ఇస్తుంది. మూడవది స్పీకరును మోగిస్తుంది. స్పీకరు వెడల్పు 8 అంగుళాలు, శక్తి సుమారు 5 వాట్లు. ఏ వాల్వు ఎక్కడ ఉండాలో తెలిపే చీటీని పెట్టె లోపలే అతికించేవారు. చెడిన వస్తువును బాగుచేసేవాని కష్టం తెలిసినవాడు గనుకనే ఫెండర్ ఇంత శ్రద్ధ చూపాడు.

తనకు రాని విద్యను ఆయన వచ్చినవారి నుంచి గ్రహించాడు. కొత్త వాద్యాన్ని వాద్యకారుల చేతికిచ్చి, వారి ఫిర్యాదులను ఓపికగా వినేవాడు. గిటారు చెక్క అంచులు పక్కటెముకలకు ఒత్తుకుంటున్నాయని వారు చెప్పగా, 1954లో వెలువడిన స్ట్రాటోకాస్టర్ గిటారుకు ఆ అంచులను వంపుగా చెక్కించాడు.

ఒక విషయంలో మాత్రం వాద్యకారులు ఆయన కోరినదానికి భిన్నమైన దారి పట్టారు. నాదం తేటగా, చెదరకుండా రావాలని ఆయన తపన. కాని చిన్న యాంప్లిఫయరును పూర్తిగా పెంచితే వాల్వులు శక్తికి మించి పనిచేసి నాదం బొంగురుపోతుంది. దోషమనుకున్న ఆ బొంగురునే గిటారు వాద్యకారులు మెచ్చుకున్నారు. అది రాక్ సంగీతానికి ఒక గుర్తయింది.

కాలక్రమంలో ఫెండర్ ఆరోగ్యం దెబ్బతిన్నది. ఎక్కువకాలం బతకనన్న భయంతో 1965లో తన సంస్థను 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మివేశాడు. ఆ తరువాత తగిన వైద్యం దొరికి కోలుకున్నాడు. చేతినిండా ధనమున్నా ఊరకుండలేక మళ్లీ వాద్యాల తయారీకి పూనుకున్నాడు. వణుకుడు వ్యాధి సోకినా పని మానలేదు. 1991 మార్చి 21న కన్నుమూశాడు. ఆ ముందురోజు వరకు ఆయన కర్మాగారానికి వెళ్లాడు.

చాంప్ నమూనాలో చిన్న యాంప్లిఫయరును ఎవరికివారు కూర్చుకొనేందుకు విడిభాగాల పెట్టెలు నేడు కూడా దొరుకుతాయి. పటం చూసి తీగలు కత్తిరించాలి, ప్రతి అతుకును టంకం వేయాలి, వేసినదాన్ని మళ్లీ సరిచూడాలి. లోపలి విద్యుత్తు 300 వోల్టులు దాటుతుంది. మీట కట్టేసిన తరువాత కూడా కొంత విద్యుత్తు కండెన్సర్లలో నిలిచి ప్రాణాపాయం కలిగించగలదు. అందుచేత తెలిసినవారు పక్కన లేనిదే పెట్టె తెరవరాదు. అన్నీ సరిగా కుదిరితే మీట వేసిన కొద్దిసేపటికి వాల్వులు ఎర్రగా వెలుగుతాయి. అప్పుడు తీగను మీటితే, తన చేతులతో చేసిన పెట్టెలోంచి తన పాటే పలుకుతుంది.

విడిభాగాల పెట్టె చూసి మురిసిన ఒక రైతుబిడ్డ ఆ ఆనందాన్ని ఎందరికో పంచాడు. ఆయన స్వయంగా గిటారు వాయించలేదు. వాయించేవారి మాట విని, వారికి కావలసినదాన్ని తన చేతులతో చేసి ఇచ్చాడు.