కోడి రామమూర్తి నాయుడు

వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడు బాల్యముననే తల్లిని కోల్పోయి, విజయనగరమున పినతండ్రి నారాయణస్వామి చెంత పెరిగెను. అచట కుస్తీ నేర్చెను. మదరాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై, పిదప సర్కసు స్థాపించెను.

ఎదురొమ్మునకు ఇనుపగొలుసు చుట్టించుకొని, ఊపిరి నిండ బీల్చి దానిని తెంచుట ఆయనకు పేరు తెచ్చిన ప్రదర్శన. జనులు కండలనే మెచ్చిరి. బక్కపలుచని బాలురు నేటికిని బరువులెత్తినచో చాలునందురు. కాని ఊపిరి నిలువనిచో ఆ గొలుసు తెగునా? రామమూర్తి బరువులతోపాటు ప్రాణాయామమును సాధించెను.

కడపట కాలికి పుండు లేచి, దానిని తీసివేయవలసి వచ్చెను. మత్తుమందు వలదని, ప్రాణాయామముతోనే శస్త్రచికిత్సను ఓర్చెనని చెప్పుదురు. 1942లో ఆయన దివంగతుడయ్యెను.