ఐదుగురు రాజులు, ఒక్క మాట

మాగ్నాకార్టా అనగానే హైస్కూలు దాటిన ప్రతి విద్యార్థికీ 1215 అనే సంవత్సరం, జాన్ అనే చెడ్డరాజు, రన్నీమీడ్ అనే పచ్చికమైదానం గుర్తుకొస్తాయి. అయితే ఆ పత్రం పుట్టిన పది పన్నెండు వారాలకే చచ్చిపోయిందనీ, మరుసటి సంవత్సరం దానికి తిరిగి ప్రాణం పోసినవాడు డెబ్బై ఏళ్ల ముసలి యోధుడనీ చాలామందికి తెలియదు. ఆ యోధుడి పేరు విలియం మార్షల్. మధ్యయుగపు ఐరోపా కలలుగన్న వీరధర్మానికి నిలువెత్తు రూపం అని అతణ్ణి అతని కాలంవాళ్లే చెప్పుకున్నారు.

ఆ వీరధర్మాన్ని వాళ్లు షివల్రీ అన్నారు. ఫ్రెంచి భాషలో గుర్రానికి వున్న పేరునుంచి పుట్టిందా మాట. గుర్రాన్నీ, ఇనుప కవచాన్నీ, బల్లేన్నీ సంపాదించుకోగలిగినవాడే నైటు. ధైర్యం, స్వామిభక్తి, దాతృత్వం, ఓడిపోయినవాడిపట్ల మర్యాద, అన్నిటికంటే మించి ఇచ్చిన మాటకు కట్టుబడటం - ఇవీ నైటుకు వుండవలసిన లక్షణాలు. ఆర్థరు రాజు, లాన్సిలాట్ కవుల చేతుల్లో రూపుదిద్దుకున్న వీరులు. మార్షల్ మాత్రం రక్తమాంసాలున్న మనిషి. అతను పోయిన కొద్ది సంవత్సరాలకే పెద్దకొడుకు పూనుకొని తండ్రి జీవితాన్ని ఫ్రెంచి పద్యాల్లో రాయించాడు. పందొమ్మిది వేల పైచిలుకు పంక్తుల ఆ కావ్యం తర్వాత మరుగున పడిపోయింది. 1861లో లండన్‌లో ఒక వేలంపాటలో పాల్ మేయర్ అనే ఫ్రెంచి పండితుడి కంటబడి, చేజారి, మళ్లీ ఇరవై ఏళ్ల వెదుకులాట తర్వాత గాని అతనికి దొరకలేదు. కొడుకు రాయించిన కావ్యం కాబట్టి పొగడ్త పాలు ఎక్కువే. ఆ మాట మనసులో పెట్టుకునే ఈ కథ చదవాలి.

విలియం 1147 ప్రాంతంలో ఇంగ్లండులో పుట్టాడు. తండ్రి జాన్ మార్షల్ ఓ మోస్తరు జమీందారు. అప్పుడు దేశంలో స్టీఫెన్ రాజుకూ, మటిల్డాకూ సింహాసనం కోసం అంతర్యుద్ధం సాగుతోంది. 1152లో స్టీఫెన్ న్యూబరీ దగ్గర జాన్ కోటను ముట్టడించాడు. కోట అప్పగించడానికి జాన్ కొంత గడువు అడిగి, మాటకు పూచీగా అయిదేళ్ల పిల్లవాడు విలియంను రాజు చేతిలో పెట్టాడు. ఆ గడువులోనే కోటలోకి తిండిగింజలూ, సైనికుల్నీ చేరవేసుకున్నాడు. పిల్లవాణ్ణి ఉరి తీస్తామని కబురు పంపితే, తన దగ్గర సుత్తీ దాగలీ వున్నాయనీ, ఇంతకంటే మంచి కొడుకుల్ని తయారుచేసుకోగలననీ ఆ తండ్రి జవాబిచ్చాడట! స్టీఫెన్‌కు చేతులు రాలేదు. చంపడానికి తీసుకెళ్లిన పసివాణ్ణి తానే ఎత్తుకొని వెనక్కి తెచ్చాడనీ, తర్వాత ఆ రాజూ ఈ బందీ గుడారంలో కూర్చొని మొక్కల కాడలతో కత్తియుద్ధం ఆడుకున్నారనీ కావ్యం చెబుతుంది. మాట తప్పిన తండ్రి, చంపే హక్కు వుండీ చంపని శత్రువు - ఈ రెండు పాఠాలూ అయిదేళ్లకే అందాయి ఆ పిల్లవాడికి.

చిన్నకొడుకు గనుక ఆస్తి దక్కే ఆశ లేదు. పన్నెండూ పదమూడేళ్ల వయసులో నార్మండీలోని టాంకర్‌విల్ ప్రభువు దగ్గర యుద్ధవిద్య నేర్చుకోవడానికి పంపించారు. అక్కడ తినడం, తాగడం, నిద్రపోవడం తప్ప ఏమీ చేతకానివాడని తోటివాళ్లు వేళాకోళం చేసేవారు. 1166లో నైటు అయ్యాడు. మొదటి పోరులోనే వీరంగం వేశాడు గాని తన గుర్రం పోయింది, శత్రువు దగ్గరనుంచి ఒక్క జీను కూడా దక్కించుకోలేదు. రాత్రి విందులో ఒక ప్రభువు, నువ్వు గెలుచుకున్న గుర్రాల సామానులో నాకూ ఏదైనా కానుక ఇవ్వవయ్యా అని హాస్యమాడితే సభంతా నవ్వింది. శౌర్యం ఒక్కటే కడుపు నింపదని ఆ రాత్రి అతనికి తెలిసొచ్చింది.

అక్కణ్ణించి టోర్నమెంట్ల బాట పట్టాడు. ఇవాళ మన కాలేజీల్లో వాలీబాలుకూ, చదరంగానికీ వాడుకుంటున్న ఈ మాట ఆనాటిదే. అయితే ఆనాటి టోర్నమెంటు మైళ్ల కొద్దీ పొలాల్లో రెండు దళాలు నిజమైన ఆయుధాలతో తలపడే ఆట. పట్టుబడినవాడు గుర్రమో కవచమో డబ్బో ఇచ్చి విడిపించుకోవాలి. మార్షల్ ఇంకో నైటుతో వాటాలు మాట్లాడుకొని ఒకే సీజనులో 103 మందిని పట్టుకున్నాడు. ఒక వంటశాల గుమాస్తా ఆ లెక్క రాసిపెట్టాడు! ఒకసారి బహుమతి ఇద్దామని వెదికితే మనిషి కనబడలేదు. తీరా చూస్తే కమ్మరి కొలిమి దగ్గర దాగలి మీద తలపెట్టి వున్నాడు. సొట్టలు పడి తలకు బిగుసుకుపోయిన శిరస్త్రాణాన్ని కమ్మరి సుత్తితో సాగగొడుతున్నాడు. షివల్రీలో ఇంత వ్యాపారం, ఇంత నవ్వులాట కూడా వున్నాయని మనం మరిచిపోకూడదు.

1168లో మేనమామ పాట్రిక్ ఫ్రాన్సులో హత్యకు గురైనప్పుడు పక్కనే వున్న విలియం పోరాడి, తొడకు గాయమై పట్టుబడ్డాడు. అతణ్ణి డబ్బు చెల్లించి విడిపించింది రెండవ హెన్రీ రాణి, అక్విటేన్ ఎలినోర్. 1170లో ఆమె పెద్దకొడుకు, తండ్రి బతికుండగానే పట్టాభిషేకం జరిగిన చిన్న హెన్రీ, కొలువులో అతను చేరాడు. ఆ యువరాజు తండ్రిమీద తిరగబడితే తన ప్రభువు వెంటే నిలిచాడు. కొన్నాళ్లకు యువరాజు భార్యతో అతనికి సంబంధం వుందని అసూయపరులు నింద వేశారు. కొలువు పోయింది. అయినా 1183లో చిన్న హెన్రీ జబ్బుచేసి మరణశయ్యమీద వున్నప్పుడు పక్కన వున్నది మార్షలే. జెరూసలేం వెళతానని తాను చేసిన మొక్కు తీర్చమనీ, శిలువ గుర్తున్న తన అంగీని అక్కడికి చేర్చమనీ ఆ యువకుడు కోరాడు. చనిపోయినవాడు అడగడానికి మళ్లీ రాడు. మార్షల్ మాత్రం వెళ్లాడు. దాదాపు రెండు సంవత్సరాలు పాలస్తీనాలో గడిపి తిరిగి వచ్చాడు.

తర్వాత ముసలి హెన్రీ కొలువు. 1189 నాటికి ఆ రాజు పని అయిపోయింది. కొడుకు రిచర్డు ఫ్రాన్సు రాజుతో చేతులు కలిపి తండ్రిని తరుముతున్నాడు. ప్రభువులు ఒక్కొక్కరే ఉదయించే సూర్యుడివైపు జారుకుంటున్నారు. లె మాన్ పట్టణం తగలబడుతుంటే పారిపోతున్న రాజుకు వెనకదన్నుగా మార్షల్ వున్నాడు. కవచం కూడా లేకుండా దూసుకొస్తున్న రిచర్డుకు ఎదురుతిరిగి బల్లెం ఎత్తాడు. ఒక్క పోటుతో కాబోయే రాజును చంపగలడు. చంపలేదు. గుర్రాన్ని పొడిచి తరుముడు ఆపేశాడు. కొద్ది రోజులకే హెన్రీ షినోన్‌లో మరణించాడు. నౌకర్లు ఒంటిమీది బట్టలు సహా దోచుకుపోయారు. ఆ దేహానికి మర్యాద జరిపి ఫాంటెవ్రో మఠానికి చేర్చినవారిలో మార్షల్ ఒకడు.

అక్కడికి కొత్త రాజు రిచర్డు వచ్చాడు. మొన్న నన్ను చంపబోయావని నిలదీశాడు. తన బల్లెం ఎక్కడ తగలాలనుకుంటే అక్కడే తగులుతుందనీ, చంపదలిస్తే చంపేవాడిననీ, చేసినదానికి విచారించడం లేదనీ మార్షల్ సూటిగా చెప్పాడు. రిచర్డు క్షమించాడు. క్షమించడమే కాదు, వేల్సులో, ఐర్లండులో గొప్ప ఎస్టేట్లకు వారసురాలైన ఇసబెల్‌తో పెళ్లికి ఒప్పుకున్నాడు. నలభై దాటిన, పెద్దగా భూమి లేని నైటు ఒక్కసారిగా రాజ్యంలోకెల్లా పెద్ద ప్రభువుల్లో ఒకడయ్యాడు. ఓడిపోతున్న రాజును వదలని మనిషి తననూ వదలడని రిచర్డు లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క తప్పలేదు.

అసలు పరీక్ష జాన్ కాలంలో వచ్చింది. 1199లో జాన్ రాజు కావడానికి సాయపడ్డవాళ్లలో మార్షల్ ఒకడు. పెంబ్రోక్ ఎర్ల్ బిరుదు అప్పుడే దక్కింది. 1204లో నార్మండీ ఫ్రాన్సు వశమైంది. అక్కడి తన భూములు కాపాడుకోవడానికి మార్షల్ ఫ్రెంచి రాజుకు విధేయత ప్రకటించాడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టాడని ఆనాడే అన్నారు, ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. జాన్ మండిపడి, మార్షల్ పెద్దకొడుకునీ తర్వాత రెండో కొడుకునీ పూచీగా తీసుకున్నాడు. ఐర్లండులో అతని భూములమీదికి రాజు మనుషులు ఎగబడ్డారు. ఒకప్పుడు తానే బందీగా వుండి ఉరితాడు దాకా వెళ్లివచ్చినవాడికి, కొడుకులు రాజు గుప్పిట్లో వుండటమంటే ఏమిటో వేరే చెప్పాలా? తన తండ్రి అలాంటి స్థితిలో మాట తప్పాడు. కొడుకు తప్పలేదు. 1215లో ప్రభువులంతా తిరగబడినా, తనను ఇంత బాధపెట్టిన రాజు పక్షానే నిలిచాడు. మాగ్నాకార్టాలో జాన్ సలహాదారుల పట్టిక వుంది. అందులో చర్చి పెద్దల తర్వాత మొదటి పేరు అతనిదే.

ఆ పత్రాన్ని జాన్ కోరికమీద పోపు ఆగస్టులోనే రద్దు చేశాడు. మళ్లీ యుద్ధం. తిరుగుబాటుదార్లు ఫ్రెంచి యువరాజు లూయీని పిలుచుకొచ్చారు. లండన్ అతని చేతిలో పడింది. 1216 అక్టోబరులో జాన్ చనిపోయాడు. మిగిలినవి ఖాళీ ఖజానా, తొమ్మిదేళ్ల కొడుకు. గ్లౌస్టర్‌లో ఆ పసివాణ్ణి మార్షలే నైటును చేశాడు, తర్వాత కిరీటం పెట్టారు. రాజప్రతినిధిగా వుండమని పెద్దలు అడిగితే మొదట వయసు మీరిందన్నాడు. చివరికి ఒప్పుకున్నాడు. అందరూ విడిచిపెట్టినా పిల్లవాణ్ణి భుజాన వేసుకొని దీవి దీవి తిరిగి అడుక్కొనైనా పోషిస్తానని అన్నాడట.

నవంబరులో అతను చేసిన మొదటి గొప్ప పని, రద్దయిన మాగ్నాకార్టాను కొన్ని మార్పులతో మళ్లీ ప్రకటించడం. బాలరాజుకు ముద్ర లేదు. పోపు ప్రతినిధి ముద్రా, మార్షల్ ముద్రా వేశారు. తండ్రి ఒత్తిడికి లొంగి ఇచ్చిన మాటను కొడుకు పేర ఇష్టపూర్వకంగా ఇచ్చాడన్నమాట. తిరుగుబాటుకు వున్న న్యాయమైన కారణం అక్కడితో సగం తీరిపోయింది. 1217లో అడవుల పత్రాన్ని జోడించి ఇంకోసారి ప్రకటించారు. ఆ చిన్న పత్రంనుంచి వేరుగా చెప్పడానికే దీనికి మహాపత్రం అనే పేరు స్థిరపడింది.

1217 మే 20న లింకన్ యుద్ధం. కోటను నికోలా అనే వయసుమళ్లిన స్త్రీ బాలరాజు పక్షాన నెలల తరబడి కాపాడుకొస్తోంది. ఆమెకు సాయంగా నాలుగువందల పైచిలుకు నైట్లతో మార్షల్ వచ్చాడు. తొందరలో శిరస్త్రాణం మరిచి ముందుకు ఉరికితే, బంటు ఒకడు గుర్తుచేశాడు. సందుల్లో జరిగిన పోరులో ఫ్రెంచి దళం కూలింది. ఆ ఆగస్టులో శాండ్‌విచ్ దగ్గర సముద్రంమీద ఓడాక లూయీ సంధికి ఒప్పుకొని పదివేల మార్కులు పుచ్చుకొని వెళ్లిపోయాడు. తిరుగుబాటుదార్లకు భూములు తిరిగి ఇచ్చేశారు. పగ తీర్చుకోలేదు.

కాని నాణేనికి రెండో వైపూ చూడాలి. లింకన్‌లో నైట్లలో చచ్చినవాళ్లు అతికొద్దిమంది. ఎందుకంటే నైటును నైటు చంపడు, పట్టుకుంటాడు. ఊరి ప్రజలకు ఆ మర్యాద లేదు. గెలిచిన సైన్యం పట్టణాన్నీ చర్చిల్నీ దోచింది. దోపిడీకి భయపడి పిల్లాపాపలతో పడవలెక్కిన ఆడవాళ్లు బరువుకు పడవలు మునిగి నదిలో చనిపోయారు. గుర్రం ఎక్కినవాడికి ఒక ధర్మం, నేలమీద నడిచేవాడికి ఇంకొకటి. షివల్రీ ఎంత గొప్పదో, ఎంత ఇరుకైనదో ఆ ఒక్క రోజే చెప్పింది.

1219 వసంతంలో మంచం పట్టి, కేవర్షమ్‌లోని తన ఇంటికి చేరాడు. రాజ్యభారాన్ని పోపు ప్రతినిధికి అప్పగించాడు. మూడు దశాబ్దాల క్రితం జెరూసలేం యాత్రలో తన శవపేటిక మీద కప్పడానికని తెచ్చుకున్న పట్టుబట్టలు తెప్పించాడు. గెలుచుకున్నదంతా తిరిగి ఇవ్వనిదే మోక్షం లేదన్న మతబోధకు, అయిదువందల మంది నైట్ల గుర్రాలూ ఆయుధాలూ ఎక్కణ్ణించి తేనని ఎదురడిగాడు. నైట్లకు పంచవలసిన పండగ దుస్తులు అమ్మి ఆ సొమ్ము ఆత్మశాంతికి ఖర్చుపెట్టమంటే కోప్పడ్డాడు. కూతుళ్లచేత పాటలు పాడించుకొని విన్నాడు. టెంపుల్ సంఘంలో చేరి, మే 14న కన్నుమూశాడు. లండన్‌లోని టెంపుల్ చర్చిలో సమాధి చేశారు.

అయిదుగురు కొడుకులూ ఒకరి తర్వాత ఒకరు వారసులు లేకుండా పోయి 1245తో మగసంతతి అంతరించింది. 1941 బాంబుదాడిలో ఆ చర్చి కాలి, అతనిదని చెప్పే రాతిప్రతిమ దెబ్బతింది. బిరుదులు, గెలిచిన గుర్రాలు ఏవీ మిగల్లేదు. అతను ముద్ర వేసిన పత్రం మాత్రం మిగిలింది. ఏ మనిషినీ న్యాయవిచారణ లేకుండా బంధించరాదన్న సూత్రం దానిలోనుంచే దేశదేశాల రాజ్యాంగాలకు పాకింది. గుర్రమెక్కినవాళ్ల కోసం రాసుకున్న ధర్మం కాలక్రమాన నేలమీద నడిచేవాళ్లకూ దక్కింది. నది మింగిన లింకన్ తల్లులకు అది ఆలస్యమే.

నైట్లు పోయారు, కవచాలు మ్యూజియాలు చేరాయి. గెలుస్తున్న పక్షంలోకి జారుకోవడానికి దారులు మాత్రం ఈనాటికీ తెరిచే వున్నాయి, కాలేజీలోనూ, కొలువులోనూ, రాజకీయాల్లోనూ. ఐదుగురు రాజుల కాలంలో ఆ దారులన్నీ మార్షల్ ముందు తెరుచుకున్నాయి. ఒక్కసారి రెండు పడవల మీద కాళ్లు పెట్టినా, ఓడిపోయే రాజును మాత్రం ఎన్నడూ నడివీధిలో వదలలేదు. అతని బల్లెం మనకు అక్కర్లేదు. ఆ ఒక్క గుణం అక్కరకొస్తుంది.