చదివే హక్కుకు లిపి నిచ్చిన లూయీ బ్రెయిలీ

(జనవరి 4 ప్రపంచ బ్రెయిలీ దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

అంధులకు అక్షరాన్ని వేలికొనల వద్దకు చేర్చిన మహనీయుడు లూయీ బ్రెయిలీ. ఆయన జన్మదినమైన జనవరి 4వ తేదీని ప్రపంచ బ్రెయిలీ దినోత్సవంగా పాటించాలని ఐక్యరాజ్యసమితి 2018లో నిర్ణయించింది. నేడు చట్టం గుర్తించిన ఈ లిపిని ఒకప్పుడు అది పుట్టిన పాఠశాలలోనే నిషేధించారు.

లూయీ బ్రెయిలీ 1809 జనవరి 4న పారిస్ నగరానికి తూర్పున ఉన్న కూప్‌వ్రే గ్రామంలో జన్మించారు. తండ్రి గుర్రపు జీనులు తయారుచేసేవారు. మూడేళ్ల వయసులో తండ్రి పనిశాలలో ఆడుకుంటుండగా పదునైన పనిముట్టు ఒక కంటికి గుచ్చుకుంది. ఆ గాయం నుంచి రెండో కంటికీ వ్యాధి సోకడంతో బాలుడు పూర్తిగా చూపు కోల్పోయాడు.

1819లో ఆయన పారిస్‌లోని రాయల్ అంధ బాలల పాఠశాలలో చేరారు. అక్కడ మామూలు అక్షరాలనే కాగితంపై ఉబ్బెత్తుగా అచ్చువేసి చదివించేవారు. పుస్తకాలు బరువైనవి, సంఖ్యలో కొద్ది. చదవడం నిదానంగా సాగేది. విద్యార్థి తానుగా రాసుకొనే వీలు దాదాపు లేదు.

మాజీ సైనికాధికారి చార్లెస్ బార్బియే 12 చుక్కలతో రూపొందించిన పద్ధతి 1821లో ఆ పాఠశాలకు చేరింది. అది వర్ణక్రమాన్ని గాక శబ్దాన్ని అనుసరించేది. పైగా 12 చుక్కలు ఒక్క వేలికొనకు అందేవి కావు. బ్రెయిలీ వాటిని ఆరుకు కుదించి, 15 ఏళ్ల వయసుకే కొత్త లిపికి రూపమిచ్చారు. ఆరు చుక్కల కూర్పుతో 63 గుర్తులు ఏర్పడతాయి. అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు, సంగీత స్వరాలు అన్నీ వాటిలో ఇమిడాయి. 1829లో ఈ విధానం గ్రంథరూపంలో వెలువడింది.

బ్రెయిలీ అదే పాఠశాలలో ఉపాధ్యాయులయ్యారు. చర్చిలలో ఆర్గన్ వాద్యకారునిగానూ పేరు పొందారు. అయితే 1840లో వచ్చిన కొత్త డైరెక్టర్ ఈ లిపి వాడకాన్ని నిషేధించారు. చూపున్నవారికి తెలియని లిపి అంధులను సమాజానికి దూరం చేస్తుందన్నది నాటి వాదన. విద్యార్థులు మాత్రం రహస్యంగా దానినే వాడుకున్నారు. చివరకు 1844లో పాఠశాల నూతన భవన ప్రారంభ సభలో ఈ లిపిని బహిరంగంగా ప్రదర్శించారు. క్షయవ్యాధితో బాధపడిన బ్రెయిలీ 1852 జనవరి 6న, 43 ఏళ్ల వయసులో మరణించారు. మరో రెండేళ్లకు, 1854లో, ఫ్రాన్స్‌లో ఈ లిపికి అధికారిక గుర్తింపు లభించింది. 1952లో ఆయన భౌతికావశేషాలను పారిస్‌లోని పాంథియన్‌కు తరలించి జాతీయ గౌరవం అర్పించారు.

భారతీయ భాషలకు ఉమ్మడి ప్రాతిపదికగా 1951లో భారతి బ్రెయిలీ ఏర్పడింది. తెలుగు బ్రెయిలీ అందులో భాగమే. ఓటింగ్ యంత్రంపై బ్రెయిలీ గుర్తులను ఎన్నికల సంఘం తొలిసారి ప్రయోగాత్మకంగా వాడినది 2004లో, హైదరాబాద్‌లోని ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో. అంధ ఓటరు ఇతరుల సహాయం లేకుండా, రహస్యంగా ఓటు వేసే మార్గం దీనితో ఏర్పడింది.

2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన దివ్యాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం-2016 బ్రెయిలీని భావవ్యక్తీకరణ సాధనాలలో ఒకటిగా పేర్కొంది. బ్రెయిలీ తెలిసిన ఉపాధ్యాయుల శిక్షణ, నియామకాలకు ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని నిర్దేశించింది. ప్రభుత్వోద్యోగాలలో 3 శాతంగా ఉన్న దివ్యాంగుల రిజర్వేషన్‌ను 4 శాతానికి పెంచింది. అందులో 1 శాతం అంధులకు, దృష్టిలోపం గలవారికి చెందుతుంది. ముద్రిత గ్రంథాలను బ్రెయిలీ వంటి రూపాలలోకి మార్చుకొనేందుకు 2012 నాటి కాపీరైట్ చట్ట సవరణ వీలు కల్పించింది.

నాడు పాఠశాలలో బ్రెయిలీ లిపి అధికారి ఇష్టాయిష్టాలపై ఆధారపడింది. నేడు అది చట్టబద్ధమైన హక్కు. ఉద్యోగంలో దివ్యాంగులపై వివక్ష జరిగితే విచారించేందుకు ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ ఫిర్యాదుల పరిష్కార అధికారిని నియమించాలని 2016 చట్టంలోని 23వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. అక్కడ న్యాయం జరగని పక్షంలో బాధితులు జిల్లా స్థాయి కమిటీని ఆశ్రయించవచ్చు.