సుసన్నా వెస్లీ తల్లి

ఆదివార సాయంకాలమున ఇంటిల్లపాదియు కూడి ప్రార్థించు వాడుక మనలో పలువురి యిండ్లలో కలదు. ఆ వాడుకను విడువని యొక తల్లి చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

సుసన్నా 1669వ సంవత్సరమున లండనులో జన్మించెను. ఆమె భర్తయగు శామ్యూల్ వెస్లీ ఎప్‌వర్తు గ్రామమున గురువు. 19 మంది బిడ్డలు కలిగినను 10 మందియే పెరిగిరి. అప్పులు బాధించెను; 1709లో ఇల్లు కాలిపోయెను.

1712 ప్రాంతమున భర్త లండనులో నుండగా, ఆమె ఆదివార సాయంకాలములందు బిడ్డలను, పనివారిని కూర్చుండబెట్టి ప్రసంగము చదివి ప్రార్థించుచుండెను. తరంగంబాడికి వచ్చిన డేనిష్ మిషనెరీల వృత్తాంతమును చదివి ఆమె హృదయము మరింత రగిలెను. వారమునకొక సాయంకాలము ఒక్కొక్క బిడ్డతో ఏకాంతముగా మాటలాడసాగెను. జాన్ వంతు గురువారము. ఆదివార ప్రార్థనకు పొరుగువారును వచ్చి 200 మందికి మించిరి.

సహాయ గురువు ఫిర్యాదు వ్రాసెను. స్త్రీ ఇట్లు నడుపుట తగునాయని భర్తయు శంకించెను. దీనివలన దేవాలయమునకు వచ్చువారు హెచ్చిరనియు, మానవలెనన్నచో స్పష్టముగా ఆజ్ఞాపించి, తీర్పుదినమున ఆ లెక్క నుండి తనను విడిపింపవలెననియు ఆమె వినయముతో ప్రత్యుత్తరమిచ్చెను. భర్త మరి అడ్డు చెప్పలేదు.

ఆమె 1742లో లండనులో మరణించెను. కుమారులైన జాన్, ఛార్లెసులు లేవనెత్తిన ఉజ్జీవము వెస్లియను మిషను ద్వారా మన మెదకు సీమకును చేరెను.

తల్లిదండ్రులారా, ఆ యింట ధనము లేదు, తీరికయు లేదు. ఆదివారపు ఆ గడియను మాత్రము ఆమె పోనీయలేదు. మనమును పోనీయకుందుము గాక.