టీటీ కృష్ణమాచారి: సంపదపై పన్ను వేసిన వ్యాపారి

1958 ఫిబ్రవరిలో స్వతంత్ర భారతదేశ ఆర్థిక మంత్రి ఒకరు రాజీనామా చేశారు. ఆయన సొమ్ము తీసుకున్నారని విచారణలో తేలలేదు. అయినా తన మంత్రిత్వ శాఖలో జరిగిన ఒక నిర్ణయానికి ఆయన పదవినే మూల్యంగా చెల్లించవలసి వచ్చింది. ఆయనే తిరువళ్ళూర్ తట్టై కృష్ణమాచారి. దేశానికి ఆయన టీటీకేగా సుపరిచితులు.

1899లో మద్రాసులో జన్మించిన టీటీకే, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదువుకున్నారు. 1928లో వస్తు పంపిణీ వ్యాపారాన్ని ప్రారంభించారు. అదే కాలక్రమంలో టీటీకే గ్రూప్‌గా విస్తరించింది. ఆ తర్వాత రాజకీయాల్లోకి వచ్చి, రాజ్యాంగ ముసాయిదా కమిటీలో సభ్యులయ్యారు. 1952లో కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖను చేపట్టారు. 1956లో చింతామన్ దేశ్‌ముఖ్ అనంతరం ఆర్థిక శాఖ బాధ్యతలు స్వీకరించారు.

అప్పటికి రెండో పంచవర్ష ప్రణాళిక మొదలైంది. ప్రభుత్వ రంగంలోనే 4,800 కోట్ల రూపాయలు వెచ్చించాలన్నది లక్ష్యం. మరోవైపు విదేశీ మారక నిల్వలు వేగంగా తరిగిపోతున్నాయి. ఆదాయ మార్గాలను వెతుకుతున్న ప్రభుత్వానికి బ్రిటన్ ఆర్థికవేత్త నికొలస్ కాల్డార్ నివేదిక దారి చూపింది. ఆదాయాన్ని దాచినవారు ఆస్తిని, ఖర్చును కూడా దాచడం కష్టమన్నది అందులోని తర్కం. ఆ ప్రకారం టీటీకే 1957లో సంపద పన్ను, వ్యయ పన్ను ప్రవేశపెట్టారు. వ్యక్తుల విషయంలో 2 లక్షల రూపాయలకు మించిన నికర సంపదపై పన్ను పడింది. వ్యాపార వర్గాల నుంచి వచ్చిన మంత్రే ఈ పన్నులు వేయడం ఆ వర్గాలకు మింగుడుపడలేదు.

అదే ఏడాది జూన్‌లో, ఏడాదైనా నిండని జీవిత బీమా సంస్థ, కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంధ్రాకు చెందిన ఆరు కంపెనీల వాటాలను సుమారు 1.24 కోట్ల రూపాయలకు కొనుగోలు చేసింది. సంస్థ పెట్టుబడుల కమిటీని ముందుగా సంప్రదించలేదు. డిసెంబరులో ఫిరోజ్ గాంధీ ఈ వ్యవహారాన్ని లోక్‌సభలో లేవనెత్తారు. పాలసీదారుల సొమ్ముతో ఒక వ్యాపారిని ఎందుకు ఆదుకున్నారన్నదే అసలు ప్రశ్న.

జస్టిస్ ఎం.సి. ఛాగ్లా బొంబాయిలో బహిరంగ విచారణ జరిపారు. కొనుగోలుకు తాను అనుమతి ఇవ్వలేదని మంత్రి, ఇచ్చారని ఆర్థిక కార్యదర్శి హెచ్.ఎం. పటేల్ పరస్పర విరుద్ధంగా వాంగ్మూలమిచ్చారు. కార్యదర్శి చర్యలకు రాజ్యాంగరీత్యా మంత్రే బాధ్యుడని ఛాగ్లా తేల్చారు. స్వయంప్రతిపత్తి గల సంస్థల పనిలో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదని కూడా సూచించారు. టీటీకే పదవి వదిలారు.

నెహ్రూ ఆయనను మళ్ళీ మంత్రివర్గంలోకి తీసుకున్నారు. 1963లో టీటీకే రెండోసారి ఆర్థిక మంత్రి అయ్యారు. 1964లో భారత పారిశ్రామికాభివృద్ధి బ్యాంకు, యూనిట్ ట్రస్ట్ ఆయన హయాంలోనే పని ప్రారంభించాయి. మధ్యలో రద్దయిన వ్యయ పన్నును ఆయన తిరిగి తెచ్చారు. 1965 చివర్లో మరోసారి రాజీనామా చేశారు. 1974లో కన్నుమూశారు.

వ్యయ పన్ను 1966లోనే ముగిసింది. సంపద పన్నును 2015 బడ్జెట్ రద్దు చేసింది. ప్రజల పొదుపు సొమ్మును పెట్టుబడిగా పెట్టే అధికారం ఎవరిది, నష్టపోతే జవాబు చెప్పవలసింది ఎవరు అన్న ప్రశ్న మాత్రం ప్రభుత్వ సంస్థలు ఉన్నంతకాలం ఉంటుంది. ఆ ప్రశ్నకు పదవితో జవాబు చెప్పిన తొలి కేంద్ర మంత్రుల్లో టీటీకే ఒకరు.