జనరల్ శ్రీనాగేశ్

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల నుండి సైనికాధికారి పదవికి దరఖాస్తు చేయదలచిన విద్యార్థులు జనరల్ సత్యవంత్ మల్లన్న శ్రీనాగేశ్ గారి జీవితాన్ని తెలిసికొనడం మంచిది. ఆయన 1903లో కొల్హాపూర్‌లో జన్మించారు. తండ్రి డాక్టర్ మల్లన్న గారు హైదరాబాదు నిజాం ప్రభువుకు వైద్యులు. విద్యాభ్యాసం ఇంగ్లండులో సాగింది.

ఆ రోజుల్లో శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో భారతీయులందరికీ కలిపి ఏటా పది స్థానాలే. యోగ్యతతోపాటు అధికారుల సిఫారసు, కుటుంబ ప్రతిష్ఠ, విదేశవాసపు ఖర్చు కావలసి ఉండేవి. పేదవాని బిడ్డకు ఆ ద్వారం మూసినట్లే. శ్రీనాగేశ్ గారికి ఇంటి కలిమి తోడ్పడిందన్నది దాచవలసిన విషయం కాదు. కాని లోపలికి వెళ్లిన పిమ్మట ఆ కలిమి పనికివచ్చేది కాదు. 1923లో అధికారియై, బర్మా రంగంలో పోరాడి, 1955లో భారత సైన్యాధిపతి అయ్యారు. 1962 నుండి 1964 వరకు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా ఉండి, 1977లో కీర్తిశేషులయ్యారు.

నేడు ఖడక్‌వాస్లా అకాడమీకి సిఫారసు అక్కరలేదు. గణితానికి 300, సామాన్య సామర్థ్యానికి 600, ఎంపిక మండలి పరీక్షలకు 900 మార్కులు. 2021 నుండి బాలికలకూ అవకాశం కలిగింది. అయితే ప్రశ్నపత్రం తెలుగులోగాని ఉర్దూలోగాని రాదు. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలోనే ఇంగ్లీషు సాధన ప్రారంభించాలి.