రాజా దీనదయాళు: ఛాయాచిత్రకారుని చరిత్రము

ప్రతి సంవత్సరము వేసవి సెలవులకు ముందు మన పాఠశాలలో తరగతుల వారీగా పటములు తీయుట మనకందరకు నెరిగినదే. పొడవైనవారు వెనుకను, పొట్టివారు ముందును నిలువబడుదురు. ఉపాధ్యాయులు నడుమ కుర్చీలలో గూర్చుందురు. కదలవద్దని ఛాయాగ్రాహకుడు హెచ్చరించుచుండగనే యెవడో యొకడు కన్నుమూయును. అంతలో పని ముగియును. ఇక నీ దినములలో జేతిలోనిముడు టెలిఫోనుతోనే ప్రతి యింటను బటములు తీయబడుచున్నవి. తుని సంతకు బోయినను, రైలు స్టేషనులో బండికై నిలిచినను, మన విద్యార్థులు పదిపటములైన దీసికొనక మరలి రారు. తీసినవానిని మరల జూచువారు మాత్ర మరుదు. అట్టివారికి, ఒక్క పటము కొరకు నొక పూట యెల్ల శ్రమపడిన యొక ప్రసిద్ధుని చరిత్రమును వినిపింపవలెనని మాకు గోరిక కలిగినది.

ఆయన పేరు లాలా దీనదయాళు. ఈయన తెలుగువాడు కాడు. 1844 వ సంవత్సరమున ఉత్తరదేశమున మీరట్టు నగరమునకు సమీపమందలి సర్ధనా గ్రామమున, రత్నముల వర్తకము చేయు జైన కుటుంబమున జన్మించెను. అయినను ఈయన కీర్తికి ముఖ్యస్థానములైనవి హైదరాబాదు, సికిందరాబాదు నగరములే. తెలంగాణమునందలి దేవాలయములును, కోటలును, అడవులును, రాజమందిరములును నేటికిని ఈయన పటములలో మనకు గానవచ్చుచున్నవి. కనుక ఈయనను మనవానిగా జెప్పుకొనుట తప్పుకాదని తలంచుచున్నాము.

దీనదయాళు బాల్యమును గూర్చి విస్తరింపము. రూర్కీ పట్టణమునందలి థామసన్ ఇంజనీరింగు కళాశాలలో జదివి, 1866 లో ఇందూరు నగరమున ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖలో నుద్యోగమున బ్రవేశించెను. కట్టడములకు వ్యయపు అంచనాలు వేయుటయు, నమూనా చిత్రములు గీయుటయు ఈయన పని. ఇది చదువరులు గుర్తుంచుకొనవలసిన సంగతి. ఎనిమిదేండ్లు రూళ్లకర్రతో గీతలు గీచిన చేతికి, గోడ నిట్టనిలువుగా నున్నదో లేదో చూచుటకు అలవాటుపడిన కంటికి, 1874 ప్రాంతమున కెమెరా దొరకినది. ఆ పిదప దీసిన పటములలో స్తంభము వంగి కనబడుట గాని, గోపుర మొక ప్రక్కకు ఒరిగినట్లు తోచుట గాని బహు అరుదు. కొందరు దీనిని దైవదత్తమైన ప్రతిభ యందురు. మేము మాత్ర మందు సగము పాలైనను ఆ గుమాస్తా ఉద్యోగమునకే చెందవలెనని నమ్ముచున్నాము.

ఆ కాలమున పటము తీయుట యనగా నేమో కొంచెము వివరింపవలెను. ఛాయాచిత్ర విద్య లోకమునకు 1839 లో వెల్లడియైనది. 1851 లో ఆర్చరు అను నాంగ్లేయుడు కనిపెట్టిన తడి పలక పద్ధతియే దీనదయాళు ఈ విద్యను అభ్యసించుచున్న దినములలో నంతటను వ్యాపించియుండెను. గాజుపలక పై కొలోడియను అను జిగురుద్రవమును సమముగా బోసి, చీకటిలో వెండిక్షారపు నీటిలో ముంచి, తడియారకమునుపే కెమెరాలో నుంచి, పటము తీసి, వెంటనే మరల చీకటిలో మందునీళ్లతో గడుగవలెను. ఇదంతయు కొలది నిమిషములలో ముగియకున్న పలక యెండి వ్యర్థమగును. కాబట్టి కొండమీది గుడిని దీయవలెననిన, కెమెరాను మాత్రమే గాక, గాజుపలకల పెట్టెను, మందుల సీసాలను, నీటి కుండలను, నల్లని గుడారమును గూడ కొండపైకి జేర్పవలెను. మధ్యపరగణాలలోని వేసవి యెట్లుండునో ఎరిగినవారు ఆ గుడారములోని యుక్కను ఊహించుకొనగలరు.

అటుపిమ్మట 1871 లో మాడాక్సు అను వైద్యుడు జెలటిన్ పూసిన పొడి పలకకు దారి చూపెను. 1880 ప్రాంతమునకు అట్టి పలకలు అంగళ్లలో విక్రయమునకు వచ్చినవి. దీనదయాళు ఈ మార్పును వెంటనే అందిపుచ్చుకొనెను. పొడి పలకను ముందుగనే సిద్ధపరచి వెంట దీసికొనిపోవచ్చును. కడుగుట ఇంటికి వచ్చినపిదప జరుపవచ్చును. అంతేకాక దాని వేగము హెచ్చు. కవాతు చేయు సైన్యమును, పరుగెత్తు గుఱ్ఱమును పట్టుకొనుట దీనివలననే సాధ్యమైనది. 1885-86 సంవత్సరములలో ఢిల్లీ ప్రాంతమున జరిగిన సైనికాభ్యాసములను ఈయన దీసిన పటము లిందుకు నిదర్శనములు.

ఐనను ఒక కష్టము తీరలేదు. నేటివలె చిన్నదానిని పెద్దదిగా జేయుట అప్పుడు సులభము కాదు. పలక యెంతయో పట మంతయే. గ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితమును పలకక్రింద నుంచి యెండలో బెట్టిన, సూర్యుడే దానిపై అచ్చు వేయును. పిదప బంగారుక్షారముతో కడుగగా దానికి ఇంపైన ధూమ్రవర్ణము గలుగును. మూరెడు పటము కావలెనన్న మూరెడు గాజుపలకయు, దానికి దగిన కెమెరాయు గావలెను. దానిని మూడుకాళ్ల కొయ్యపై నిలిపి, నల్లగుడ్డ తలపై గప్పుకొని, గరుకు గాజుపై తలక్రిందుగా బడిన నీడను జూచి, చోటు నిశ్చయించుకొనవలెను. ఒక్కసారి స్థిరపరచిన దానిని మరల కదల్చుట పెద్దపని. అందుచేత దీనదయాళు ముందు కంటితోడనే యంతయు నిర్ణయించుకొనెడివాడు: సూర్యు డేవైపున నుండగా చెక్కడములు తేటపడును, ఎచ్చట నిలిచిన గోపురము కొననుండి మొదలు వరకు పట్టును, కటకపు రంధ్రము నెంత కుదించిన దూరపు స్తంభమును దగ్గరి మెట్టును సమముగా స్పష్టపడును. రంధ్రము చిన్నదైనకొలది స్పష్టత హెచ్చును గాని వెలుతురు తగ్గును. వెలుతురు తగ్గిన నెక్కువ సేపు తెరచియుంచవలెను. నేడు మన టెలిఫోను ఈ లెక్కయంతయు మనకు దెలియకుండగనే చేసికొనుచున్నది. ఆయన మూత దీసి, మనస్సులో క్షణములు లెక్కించి, మరల మూత వేసెడివాడు.

ఆయన పనితనము నెరిగి యాదరించినవారిలో ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు ముఖ్యుడు. మధ్యభారత రాజప్రతినిధియగు సర్ హెన్రీ డేలీయు ప్రోత్సహించెను. 1875-76 లో వేల్సు యువరాజు భారతదేశ సంచారము చేసినపుడు దీనదయాళు పటములు దీసెను. 1882 లో డేలీ తరువాత వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిను బుందేల్ఖండమున సంచరించుచు ఈయనను వెంట గొనిపోయెను. గ్వాలియరు కోట, ఖజురహో దేవాలయములు, ఓర్ఛా దతియా నగరముల ప్రాసాదములు, సాంచీ స్తూపము ఈ ప్రయాణములలో పలకల కెక్కినవి. ఇవి 1886 లో లండనున గ్రంథరూపమున వెలువడినవి.

ఇచ్చటనే ఈయన జీవితమున గొప్ప సందిగ్ధ మేర్పడినది. ప్రభుత్వోద్యోగము స్థిరమైనది, నెల తిరుగగనే జీతము చేతబడును. ఛాయాచిత్రములో అట్టి నమ్మకము లేదు. గాజు, వెండి, బంగారము, సీమనుండి వచ్చు కటకములు, సహాయకుల జీతములు, ఇవన్నియు ముందుగా పెట్టుబడి పెట్టవలసినవి. ప్రభువులు సొమ్ము చెల్లించుట వారి యిష్టమును బట్టి యుండును. గృహస్థుడై, ఇద్దరు కుమారులు గలవాడై, నలువదియేండ్ల వయస్సున నున్న దీనదయాళు మొదట దీర్ఘమైన సెలవు దీసికొనెను. పిదప ఉద్యోగమునే వదలుకొనెను. ఇట్టి నిశ్చయమును మన పిల్లలలో నెవరైన జేసినచో తల్లిదండ్రు లేమందురో మాకు దెలియును. మేమును బహుశః ఆ మాటయే యందుము.

1885 లో ఈయన రాజప్రతినిధి డఫ్రిన్ ప్రభువునకు ఛాయాగ్రాహకుడుగా నియమింపబడెను. 1886 లో సికిందరాబాదున తన చిత్రశాలను స్థాపించెను. ఆరవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖాను ఈయనను ఆస్థానమున జేర్చుకొని, తరువాత రాజా బహద్దరు ముసవ్విర్ జంగు అను బిరుదము నొసంగెను. ముసవ్విరనగా చిత్రకారుడు. విక్టోరియా రాణికిని ఛాయాగ్రాహకుడను గౌరవము లభించెను. 1893 లో అమెరికా దేశమున చికాగో నగరమున జరిగిన మహాప్రదర్శనమున ఈయన పటములు బహుమానము పొందినవి. 1896 లో బొంబాయిలో మరియొక చిత్రశాల నెలకొల్పెను. బిరుదముల సంగతి ఇంతటితో జాలును.

మనకు ముఖ్యమైనవి పటములు. గోలకొండ సమాధులు, హనుమకొండ వేయిస్తంభముల గుడి, ఓరుగల్లు కోటలోని శిథిలములు దీనదయాళు తీసినవి కలవు. కాకతీయుల శిల్పము అప్పటికి పొదలలోను, పడిపోయిన రాళ్ల నడుమను ఎట్లుండెనో ఆ పటములు చూపును. పిమ్మట బాగుచేయబడిన కట్టడములను నేడు చూచువారికి, నూరేండ్లకు పైబడిన నాటి రూప మిది యని చెప్పు సాక్షులవి. ఈయనకు మరియొక యలవాటు గలదు. పెద్ద కట్టడముల పటములలో పలుమారు ఒక మనుష్యుని, మెట్టుపై గాని ద్వారమున గాని, నిలుపును. ఆ మనుష్యుని జూచినగాని గోపుర మెంత యెత్తో తెలియదు. ఇది గూడ అంచనాలు వేసిన గుమాస్తా బుద్ధియే.

1902 లో కర్జను ప్రభువు ఓరుగల్లు సీమయందలి నెక్కొండ సమీపమున వేట కేగినపుడు, చంపిన పెద్దపులి యొద్ద దొరయు దొరసానియు నిలిచియుండగా దీసిన పటము లోకమంతట బ్రసిద్ధికెక్కినది. అది గొప్ప పటమే. కాని మాకు ఆ పటముకంటె మరి రెండు పనులు మిక్కిలి గౌరవనీయములుగా దోచుచున్నవి.

మొదటిది, 1892 లో హైదరాబాదున స్థాపించిన జనానా చిత్రశాల. ఘోషా స్త్రీలు పరపురుషుని యెదుట గూర్చుండరు. కాబట్టి తాతల పటములు గోడలపై వ్రేలాడుచుండగా అవ్వల ముఖములు మనుమలకు దెలియక పోవుచుండెను. దీనదయాళు ఎత్తైన గోడల నడుమ ప్రత్యేకముగా నొక చిత్రశాల కట్టించి, శ్రీమతి కెన్నీ లెవిక్కు అను నాంగ్లవనితను దానికి అధికారిణిగా జేసెను. అచ్చట స్త్రీలను స్త్రీయే తీయును. దీనివలన వర్తక లాభము గలుగకపోలేదు. ఐనను ఆచారమును గించపరుపక దానికి దారి చూపిన ఈ యుపాయము మెచ్చదగినది.

రెండవది కరవు. 1899-1900 సంవత్సరములలో దక్కనునందు ఘోరమైన కాటకము వచ్చెను. ఔరంగాబాదు ప్రాంతమున నిజాము ప్రభుత్వము వారు అన్నసత్రములను, కూలిపనులను నేర్పరచిరి. వాని పటములను దీనదయాళు సంస్థవారే తీసిరి. ప్రక్కటెముకలు లెక్కింపదగిన బిడ్డలు వరుసగా గూర్చుండి యుందురు. రాజమందిరపు దీపవృక్షములను ఎట్లు తేటగా బట్టెనో, ఆ యెముకలను గూడ నట్లే పట్టెను. ప్రభుత్వపు ధర్మకార్యములను చాటుటకే ఇవి తీయబడినవి యని యెరుగుదుము. ప్రభువు సొమ్ముతో ప్రభువు దయను చూపుటకు తీసిన పటము పూర్తి సత్యము కాజాలదు. సత్రమునకు రాలేక దారిలో బడినవా రందు లేరు. దీనదయాళు జీవితమంతయు గొప్పవారి కొలువున గడపినవాడు. ఆయన చరిత్రము చెప్పువారు దీనిని మరుగుపరుపరాదు. ఐనను పలక పై బడిన వెలుతురు సొమ్మిచ్చినవాని యాజ్ఞకు లోబడదు. చాటదలచిన దయతోపాటు ఆకలియు నందు నిలిచిపోయినది.

చివరి సంవత్సరములు సుఖముగా గడువలేదు. కుమారులగు జ్ఞానచందు, ధర్మచందు లిద్దరును ఈ విద్యయందే తండ్రికి దోడ్పడుచుండిరి. 1903 లో ఢిల్లీ దర్బారును దీయు భారము ఈయనపై బడెను. అది ముగిసిన మరుసటి యేడు ధర్మచందు మృతినొందెను. తండ్రి ఆ దుఃఖమునుండి తేరుకొనలేదు; 1905 వ సంవత్సరము జూలై నెలలో మరణించెను. బొంబాయి శాఖ యటుపిమ్మట నెక్కువకాలము నిలువలేదు.

గాజు పగులును, తేమ తగిలిన పూత లేచిపోవును. అట్టి పలకలను ఆయన వంశీయులు దశాబ్దములపాటు భద్రపరచిరి. 1989 లో ఢిల్లీయందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు 2,857 గాజుపలకలను సంపాదించిరి. 2006 లో భారత తపాలాశాఖ ఆయన పేర నొక బిళ్లను వెలువరించినది. ఇప్పుడు ఆ పటములు పలు గ్రంథాలయముల యంత్రజాలపు పుటలలోను జూడవచ్చును. తునిలో రాత్రి బండి యెక్కినవారు తెల్లవారునప్పటికి సికిందరాబాదున దిగుదురు. అచ్చటనుండి ఓరుగల్లు కొన్ని గంటల ప్రయాణము. వేయిస్తంభముల గుడికి బోవు విద్యార్థులు ఆయన పటము నొకదానిని వెంట దీసికొనిపోయి, ఏ చోట నిలిచి యేవేళ దీసెనో వెదకి చూడవచ్చును. నీడలు పడిన దిక్కును బట్టి వేళను, స్తంభముల వరుసను బట్టి చోటును గుర్తింప వీలగును. ఆ నాడు పటములో నిలిచిన మనుష్యుని పేరు మాత్ర మెచ్చటను దొరకదు.